అమ్మకు చలి వచ్చే రోజు

మా చిన్నప్పుడు, చర్ల దగ్గర అడవి పక్క ఊళ్లో ఉన్న ఆ ఏడాది... ఇంట్లో రోజులు రెండే రకాలు. అమ్మ లేచి తిరిగే రోజు, అమ్మకు చలి వచ్చే రోజు.

మలేరియా. దినం తప్పి దినం వచ్చేది. దవాఖానా బిళ్లలు మింగితే తగ్గేది... మళ్లీ తిరగబెట్టేది. కడుపులో బల్ల, అదే ప్లీహం, పెరిగిందన్నారు. ఒక వానాకాలంలో పట్టుకున్నది, మళ్లీ వానలు మొదలైనా వదల్లేదు.

నాన్న దూది ఏకి పరుపులు, బొంతలు కుట్టేవాడు. సంతలన్నీ తిరగడమే పని. ఇంట్లో అమ్మ, నేను, మూడేళ్ల చెల్లి జాను. నాకప్పుడు పదేళ్లు.

బాగున్న రోజే అమ్మ మర్నాటి పని కూడా చేసి పెట్టేది. జొన్నపిండి విసిరేది, పొయ్యి పక్కన కట్టెలు పేర్చేది, నీళ్ల గాబు నింపేది. జానుకు నూనె రాసి, మర్నాటికి కూడా చెదరకుండా గట్టిగా రెండు పిలకలు వేసేది.

ఆ మర్నాడు... మధ్యాహ్నం నమాజు చేసి చాప మడిచే వేళకు ఆవలింతలు మొదలయ్యేవి. గోళ్లు నీలం తిరిగేవి. "బిడ్డా, బొంతలు దించు" అనేది.

ఇంట్లో ఉన్నవన్నీ కప్పినా మంచం కిర్రుమంటూ ఊగేది. పైన ఎవరో ఒకరు బరువుగా ఉంటే తప్ప వణుకు ఆగేది కాదు. ఆ ఊళ్లో అందరిళ్లలోనూ అంతే చేసేవాళ్లు.

మొదటిసారి జాను భయపడి మూలకు పోయి ఏడ్చింది. తర్వాతిసారి అమ్మ దాన్ని పిలిచి బొంతల మీదికి ఎక్కించుకుంది. పళ్లు టకటకా కొట్టుకుంటున్నాయి...

"హై... హై... ఎద్దులు బెదిరినయ్... గట్టిగ పట్టుకోవే జానూ!"

అది పకపకా నవ్వింది. ఆ రోజు నుంచి వాళ్లిద్దరికీ అది బండి ఆట. నేను కాళ్ల దగ్గర కూర్చుని బొంత అదిమి పట్టేదాన్ని. చలి పోయి ఒళ్లు కాలే వేళకు అమ్మకు మాట కూడా వచ్చేది కాదు. అప్పుడు చెల్లిని ఎత్తుకుని బయటికి పోయేదాన్ని.

వైరాలో మా పెద్దమ్మ ఉండేది, అమ్మకు సొంత అక్క. సంగతి తెలిసి కబురు పెట్టింది... జానును తీసుకుపోయి తానే పెంచుతానని. నాన్న సరే అన్నాడు. అలసిపోయాడు పాపం.

అమ్మ మాత్రం, "ఒక్కసారి వచ్చి చూడమను. నేను సాకలేనట్టు కనబడితే తీస్కపొమ్మను" అంది. బాగుండే రోజు లెక్క చూసి, బుధవారం రమ్మని చెప్పించింది.

బుధవారం వాగు పొంగి బస్సు రాలేదు. పెద్దమ్మ గురువారం దిగింది... చేతిలో జాను గౌన్ల కోసం ఖాళీ సంచి.

అమ్మ గోడకు ఆనుకుని కూర్చుని నవ్వుతూ పలకరించింది.

"కూసో అక్కా. చాయ్ పెడత."

"నువ్వేం పెడతవ్ గని... మొకం చూస్కున్నవా మాబీ? పసుపు పూసినట్టున్నది."

"ముసురుకు గట్ల కనబడ్తది. మంచిగనే ఉన్న."

ఆవలింత వస్తే చెయ్యి అడ్డం పెట్టుకుంది. నేను గుమ్మం దగ్గరి నుంచి ఆమె గోళ్లే చూస్తున్నాను. లేచి చాయ్ పెట్టి అందిస్తుంటే గ్లాసు వణికి తొణికింది. అది జాను చూసింది... చప్పట్లు కొట్టింది.

"అమ్మా, బండి వచ్చింది! అక్కా, బొంతలు దించవే!"

ఇక దాచడానికి ఏమీ మిగల్లేదు. అమ్మ పడుకుంది. జాను ఎక్కింది.

"ఎటు... ఎటు పోదాం జానూ?"

"సంతకు! నాన్న కాడికి!"

"బత్తాసలు... తెచ్చుకుందామా?"

పెద్దమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. మరుక్షణమే గద్దించింది.

"ఏందే మాబీ గిది! పానం పోతాంటె ఆటలా?"

"అది బెదరొద్దక్కా... నేను వణికితే అది బెదరొద్దు. గంతే."

జాను కొంచెం పక్కకు జరిగింది. "నువ్వు గూడ ఎక్కు పెద్దమ్మా. జాగ ఉన్నది."

"నేనెక్కితే నీ ఎద్దులు సస్తయే!" అంటూనే పెద్దమ్మ ఏడ్చేసింది. మంచం అంచున కూర్చుని, అమ్మ కాళ్లు ఒళ్లోకి తీసుకుని అదిమి పట్టుకుంది.

ఆ రోజు నాకు పని లేకపోయింది. గుమ్మంలోనే కూర్చుండిపోయాను... ఎంత అలసిపోయానో అప్పుడే తెలిసింది.

పెద్దమ్మ వారం రోజులు ఉండి వండిపెట్టింది. పోయేటప్పుడు నాన్నతో ఒక్క మాటే అంది. "పిల్ల ఈడ్నే ఉండనీ మరిదీ. దానికి తల్లి కాడ ఏం తక్కువ లేదు." ఖాళీ సంచి మడిచి చంకలో పెట్టుకుని బస్సెక్కింది.

అమ్మ జ్వరం అప్పుడే పోలేదు. ఇంకో చలికాలం పట్టింది. మెల్లమెల్లగా ఎడం పెరిగి... చివరిసారి ఎప్పుడు వచ్చిందో కూడా గుర్తు లేకుండా ఆగిపోయింది. అల్లా దయ.

మొన్న జాను ఫోన్‌లో మాటల మధ్య అంది. "అక్కా, అమ్మ నాతోని బండి ఆట ఎంత మంచిగ ఆడేది... ఎందుకు మానేసిందో ఏమో. నేను పెద్దగైననని గావచ్చు."

"అవ్" అన్నాను.

ఇప్పుడు ఆ ఊళ్లోనే వేలికి సూది గుచ్చి చూసి వెంటనే మందిస్తున్నారట. మందు పట్టించిన దోమతెరలు కూడా పంచుతున్నారట. మంచిదే. ఈ కాలపు తల్లులు ఒంట్లో బాగాలేకపోతే పిల్ల చేతికి ఫోన్ ఇచ్చి అటు తిరిగి పడుకుంటున్నారు... నేనేమీ అనను. ఓపిక లేని ఒళ్లు ఎలా ఉంటుందో పక్కన కూర్చుని చూసినదాన్ని.

మంచం మీద నుంచే మిమ్మల్ని పెంచినవాళ్లు మీ ఇంట్లోనూ ఉంటే... కింద వాళ్ల పేరు రాయండి. రాత్రి నమాజు తర్వాత, అమ్మతో పాటు వాళ్లకూ దువా చేస్తాను.