పెళ్ళిచూపుల్లో చెక్‌మేట్

సోలార్ పార్కు కొత్తగా వచ్చిన కాలంలో మా వల్లూరు కుర్రోళ్ళందరికీ ఒకటే జబ్బు, నిద్ర చాలకపోవడం. శెనక్కాయ చేన్లు పోయి ప్యానెళ్ళు లేచినాక, పొద్దు పొడవక ముందే వాటిని కడగడం మా పనయింది. (చేనుకైతే వానొస్తే సెలవు. దుమ్ముకు సెలవెక్కడిది?) నడుము పట్టేసి, కళ్ళు మండి, యాడ గోడ కనబడితే ఆడ ఆనుకొని కునుకు తీసేవాణ్ణి. అట్లాంటి ఒక ఆదివారం, పని దిగీ దిగగానే, మా అమ్మ నాకు ఇస్త్రీ చొక్కా తొడిగించి మంగళవాడకు పెళ్ళిచూపులకు తీసుకపోయింది. షేర్ ఆటోలో ఒకటే పాఠం: "నాయనా, నువ్వు మాట్లాడొద్దు. ఏమడిగినా తలూపు, చాలు."

పిల్ల నాయన బడిలో చెస్ నేర్పి రిటైరైన మనిషి. ఊర్లో అందరికీ ఆయన 'చెక్ మేష్ట్రు'. బొరుగులు, బజ్జీలు తిన్నాక ఆయన చెస్ బోర్డు తెచ్చి నా ముందర పరిచి, అడిగినాడు.

"చెస్ వస్తాదా అప్పా?"

తలూపినాను. (గుర్రం వంకరగా పోతాదని తప్ప నాకేమీ తెలీదు.)

"అయితే చూడు. ఎత్తు తెల్ల పావులది. రెండెత్తుల్లో నల్ల రాజుకు చెక్‌మేట్ కావల్ల. తొందరేం లేదు, నిదానంగా ఆలోచించు."

తొందర లేదు! పనిలో చేరినప్పట్నుంచి ఆ మాట నాతో ఎవరూ అనలేదు. గడ్డం కింద పిడికిలి పెట్టుకొని బోర్డు వైపు వంగినాను. నల్ల గళ్ళూ తెల్ల గళ్ళూ కలిసిపోయినాయి.

తర్వాత జరిగింది మా అమ్మ చెప్పిందే. నేను లోతుగా ఆలోచిస్తా ఉండానని మేష్ట్రు మురిసిపోయి టీవీ ఆపించినాడంట. వంటింట్లో మిక్సీ కూడా ఆగిపోయిందంట. చాలాసేపటికి పిల్ల కాఫీ తెచ్చి, వంగి నా మొహం చూసి, మెల్లగా అడిగింది.

"ఎంతవరకు వచ్చినారు?"

ఉలిక్కిపడి లేచి, "నాలుగో వరస అయింది మేడం, ఐదోది కడుగుతాండాను," అన్నాను.

మేష్ట్రు బోర్డు మీదికి వంగినాడు. "ఐదో వరసా? ఐదో వరసలో ఏముండాదప్పా?"

మా అమ్మ కొంగుతో మొహం కప్పుకుంది. ఇంక దాచి లాభం లేదనిపించింది.

"మామా, నాకు చెస్ రాదు. నిద్రపోయినాను."

"మరి తలూపితివే?"

"మా అమ్మ ఊపమనింది."

ఆయన మొహం మాడ్చుకొని పావులు డబ్బాలో వేయడం మొదలుపెట్టినాడు. ఈ సంబంధం పోయిందని, తిరిగి పోను ఆటో యాడ దొరుకుతాదో అడుగుదామని నోరు తెరిచినాను. అంతలో పిల్ల అనింది:

"నాయనా, ఇంతవరకు వచ్చినోళ్ళంతా తెలీకపోయినా ఏదో ఒక పావు జరిపి గొప్పలు పోయినారు. ఈయన తెలీదని చెప్పినాడు. ఇంకొంచేపు పడుకోనీ, పాపం." లోపలికి పోయి దిండు తెచ్చింది.

నేను పడుకున్నాను కూడా. (సిగ్గు తర్వాత పడొచ్చు అనుకున్నాను.)

ఇప్పుడు నాది పగటి డ్యూటీ. ఆ పిల్లే నా పెళ్ళాం. సాయంత్రం ఆమె ఫోన్లో చెక్‌మేట్ లెక్క ఒకటి తీస్తే, ఒక్కోసారి ఆమెకంటే ముందే నాకు జవాబు దొరుకుతాది. మామ పక్కనుంటే కావాలనే గట్టిగా చెప్తాను. నిద్రే సరిగా రాదు. తెలీని ఇంట్లో, పిల్లనివ్వడానికి కూర్చున్నోళ్ళ నడుమ, అంత హాయిగా గుర్రుపెట్టిన ఆ కుర్రోణ్ణి తలచుకుంటే నవ్వొస్తాది. కొంచెం కుళ్ళు కూడా పుడతాది.