చెంబెడు వేడినీళ్ళు

మొన్న తెల్లవారుజామున మనవరాలు కారులో కూర్చుని మీట నొక్కిందో లేదో, బండి చప్పుడు కూడా లేకుండా గేటు దాటింది. శాలువా కప్పుకుని వాకిట్లో నిలబడ్డ నాకు మాత్రం కుడి మణికట్టు సలిపింది. పుష్యమాసం వస్తే ఏటా ఇదే వరస. ఇంజను లేపడానికి ముందు నిలబడి చేత్తో తిప్పే బస్సు హ్యాండిలు ఎదురు తన్నిన చోటు అది. నా ఈడు వాళ్ళకు ఆ తన్ను సంగతి వేరే చెప్పనక్కర్లేదు.

పంతొమ్మిది వందల యాభైలలో నేను ఎమ్మిగనూరు నుంచి ఆదోనికి పోయే మొదటి బస్సు నడిపేవాణ్ణి. మగ్గం గుంటలోంచి లేచి డ్రైవరు సీటెక్కినందుకు మా నాయన రెండేళ్ళు నాతో సరిగా మాట్లాడలేదు, బస్సు ఛాయలకే రాలేదు. అమ్మ మాత్రం ఊరి బయటే నా హారను గుర్తుపట్టి, నేను ఇంటికి చేరేలోపల అన్నం వడ్డించేది. చలికాలం ఆ బండిని లేపడమంటే ప్రాణం మీదికొచ్చేది. రాత్రే రేడియేటరు నీళ్ళు వదిలేసి, తెల్లవారి ఇంజను కింద కుంపటి పెట్టి, ప్రయాణికులు ఇళ్ళ నుంచి తలా ఒక చెంబు తెచ్చిన వేడినీళ్ళు పోసి, బొటనవేలు మడవకుండా హ్యాండిలు పట్టుకుని భుజం ఊడేదాకా తిప్పాలి. ఇరవై రెండేళ్ళకే నాకు ముసలితనం ఎట్లా ఉంటుందో తెలిసిపోయింది.

అట్లాంటి ఒక పుష్యమాసంలో అమ్మకు జ్వరం ముదిరి మెడ కదలలేదు. ప్రయాణికులు రాకముందే ఆదోని ఆసుపత్రికి బయలుదేరాలనుకుంటే, పోయడానికి వేడినీళ్ళు లేవు. అప్పుడు నాయన ఇంటికి పరుగెత్తి, పొగలు కక్కే కుండ తెచ్చి, మొదటిసారి నా బస్సును ముట్టుకుని, తన చేత్తోనే రేడియేటరులో పోశాడు. కంగారులో నేను బొటనవేలు మడిచాను, హ్యాండిలు తన్నింది, అయినా బండి లేచింది. వాచిన చేత్తోనే స్టీరింగు పట్టాను.

సగం దారిలో ఇంజను బుసలు కొట్టి నిలిచిపోయింది. రేడియేటరు మూత తీస్తే గుప్పున గంజి వాసన. మగ్గం మీది పడుగు దారాలకు పెట్టడానికి మా పొయ్యి మీద గంజి కుండా నీళ్ళ కుండా పక్కపక్కనే కాగుతుండేవి. ఆ చీకట్లో, ఆ తొందరలో, నాయన చెయ్యి అలవాటైన కుండ మీదికే పోయినట్టుంది.

"ఏమైందిరా, యాల నిలిపితివి?" అని లోపలి నుంచి అడిగినాడు, అమ్మ తల ఒళ్ళో పెట్టుకుని.

"పాత బండి గదా నాయనా, ఇంజను పోయింది" అన్నాను.

ఆదోనికి పత్తి తోలుకుపోతున్న ఎద్దుల బండి ఎక్కి మధ్యాహ్నానికి చేరినాము. పొద్దున్నే తెచ్చి ఉంటే బాగుండేదని డాక్టరు అన్న మాట నేనొక్కణ్ణే విన్నాననుకున్నాను. అమ్మ బతికింది గానీ రెండు చెవులూ పోయాయి. ఆ తర్వాత నా హారను ఆమెకు ఎప్పుడూ వినిపించలేదు.

బండి బాగై వచ్చిన రోజు తెల్లవారుజామున నాయన చెంబుతో బస్సు దగ్గరికి వచ్చినాడు. అందులోవి అరచేతిలో కొంచెం వంచుకుని, నోట్లో పోసుకుని, నీళ్ళేనని నిశ్చయం చేసుకున్నాకే చెంబు నా చేతికిచ్చాడు. ఆ బస్సు నేను వదిలేదాకా ప్రతి చలికాలం, ప్రతి ఉదయం అంతే.

ఇప్పటి బండ్లకు హ్యాండిలూ లేదు, వేడినీళ్ళూ అక్కర్లేదు. మంచిదే, ఆ చాకిరీ పగవాడికి కూడా వద్దు. కానీ నలుగురి ఇళ్ళల్లో పొయ్యి వెలిగితే తప్ప బస్సు కదలని రోజులవి. ఆ పొద్దు మా ఇంటి పొయ్యి వెలగకపోయి ఉంటే, ప్రయాణికుల చెంబుల కోసం కాసేపు ఆగినా పొద్దున్నే ఆదోని చేరేవాళ్ళం, అమ్మకు నా హారను ఆ తర్వాతా వినిపించేదేమో. నాయన మాత్రం నా బస్సు దగ్గరికి ఎన్నటికీ వచ్చేవాడు కాదు. ఈ రెండింట్లో ఏది కోరుకోవాలో ఇన్నేళ్ళుగా ఆలోచించి ఆలోచించి అలిసిపోయాను.