తెల్లపోగు లేని బుట్ట

పుయ్ తాత కంట తెల్లటిదేదైనా పడిందా, దాని ఆయువు మూడినట్టే. చొక్కా అయితే నీలిమందు తొట్టిలో ముంచుతాడు, కోడి అయితే మసి పూస్తాడు. టీకాలు వెయ్యడానికి తెల్లకోటుతో వచ్చిన డాక్టరు నీలికోటుతో వెనక్కి వెళ్లాడు.

ఆయన మనవరాలి పేరు వీలై, ఆ ఊరి పెద్ద ఆమే. అందరి ఫిర్యాదులూ ఆమెకే.

"యుద్ధం ఎప్పుడో అయిపోయింది తాతా! ఇప్పుడు విమానాల్లో వచ్చేది టూరిస్టులు!"

"దిగేదాకా ఎవరొచ్చారో నీకెట్లా తెలుస్తుందే?"

ఆ రోజుల్లో ఊరంతా కొండగుహలో దాక్కునేది. పైన తిరిగే విమానాల కంట పడకుండా తెల్లనిదేదీ బయట పెట్టకూడదని కట్టుబాటు. పచ్చి బాలింత లియెంగ్ మరచిపోయి బిడ్డ తెల్లటి పొత్తిగుడ్డ బయట ఆరేసింది. బాంబు పడింది. పోయినవాళ్లలో ఆమె బిడ్డ కూడా ఉంది. "నీ గుడ్డ వల్లే" అని ఎవరో నోరు జారారు.

ఏటా గుహ దగ్గర పోయినవాళ్లను తలుచుకుని, ఉన్నవాళ్ల ప్రాణం నిలవాలని మణికట్టుకు తెల్లదారం కడతారు. లియెంగ్ అవ్వ ఒక్కసారీ రాలేదు. ఆమె కాళ్లు సన్నగిల్లుతున్నాయి, ఈ ఏడు కొండెక్కకపోతే ఇక ఎప్పటికీ ఎక్కలేకపోవచ్చు. వీలై ఎంత బతిమాలినా అవ్వ తల అడ్డంగానే ఊపింది.

తీరా ఆ పొద్దున చూస్తే బుట్టెడు దారాలూ నీలం! వీలైకి ఒళ్లు మండిపోయింది.

"ప్రాణాన్ని పిలిచే దారాలు తాతా! రంగు మారిస్తే దారి తప్పుతుంది!"

"తప్పదులే. ఈ ఊరి ప్రాణాలన్నిటికీ నా సంగతి తెలుసు."

అంతలో కర్ర పోటేసుకుంటూ లియెంగ్ అవ్వ కొండెక్కి వచ్చింది. అందరూ నోళ్లు తెరిచారు.

వీలైకి అప్పుడు తట్టింది. ఊరవతల మేనమామ ఇంటికి సున్నం వేయిస్తే తాత కిక్కురుమనలేదు. ఆయన ముంచినవన్నీ లియెంగ్ అవ్వ వాకిట్లోంచి కనబడేవే. ఈ నీలిదారాలు కూడా ఆమె కంటపడేలాగే ఆరేసి ఉంటాడు. ఇన్నాళ్లూ తాతను కేకలేసినందుకు ఆమెకు సిగ్గేసింది, ముసలాడి మీద ప్రేమ ముంచుకొచ్చింది.

అవ్వ బుట్టలో చెయ్యి పెట్టి కెలికింది.

"ఒక్క తెల్లపోగు కూడా లేదట్రా?"

"వెతుక్కో అక్కా. దొరికితే నన్నే తొట్లో ముంచు."

అవ్వ తలెత్తి ఆయన నెత్తికేసి చూసింది.

"దొరికింది" అంది.

తాత గబుక్కున నెత్తిన తుండుగుడ్డ వేసుకున్నాడు. అవ్వ నవ్వుతూనే మణికట్టు చాపింది.