మొండిబిళ్ల

సిటీ బస్సు నడిపే ఆవిడను డిపోలో అందరూ బ్రేకులక్క అనేవారు. స్టాపు కంటబడగానే ఆవిడ కాలు బ్రేకు మీదకు పోతుంది మరి. ఒకరోజు అద్దంలోకి చూడబోతే మెడ పట్టేసినట్టయింది. తడిమి చూసుకుంటే చెవి కింద రేగుపండంత బిళ్ల. కొన్నాళ్లకు దాని పక్కనే ఇంకోటి కట్టింది.

మందులు మింగినా తగ్గలేదు. "సన్నటి సూదితో లోపలి కణాలు కాస్త లాగి చూద్దాం. అప్పుడుగానీ ఇదేమిటో తేలదు," అంది డాక్టరమ్మ.

అత్తగారు గుండెలు బాదుకుంది. "వద్దే తల్లీ! గడ్డని కెలికితే ఒళ్లంతా పాకుతుంది. మా అక్క అలాగే పోయింది."

"పెద్దత్తయ్య సూది వేయించుకుని పోలేదత్తయ్యా. భయపడి వేయించుకోకనే పోయింది," అంటూ కోడలు చెప్పులేసుకుంది.

పరీక్ష గదిలో ఆమె భుజాల కింద దిండు పెట్టి, తల పక్కకు తిప్పించారు. "కాసేపు మింగకండి, మాట్లాడకండి," అంది డాక్టరమ్మ. బిళ్లలోకి దిగిన సూది ముందుకూ వెనక్కూ కదిలింది. ఆమె పంటి బిగువున ఓర్చుకుంది. తీరా చూస్తే గాజుపలక మీద ఉత్త నెత్తురే. కణాలు చాల్లేదు, మళ్లీ చేయాలన్నారు.

"చూశావా? అది మొండిబిళ్ల. ఎందుకొచ్చిన హింస!" అంది అత్తగారు.

"అది మొండిదైతే నేను జగమొండిని."

మర్నాడే వెళ్లి రెండో బిళ్లకు వేయించుకుంది. ఈసారి చిక్కటి పసుప్పచ్చని చీము వచ్చింది. పరీక్షలో తేలింది: క్షయ. ఊపిరితిత్తుల్లో ఏమీ లేదు, బిళ్లలకే పట్టింది.

"క్యాన్సర్ కాదు. మాత్రలతో నయమవుతుంది. కానీ మధ్యలో మానకూడదు," అంది డాక్టరమ్మ.

అసలు పరీక్ష అప్పుడే మొదలైంది. మాత్రలు వాడుతుండగానే బిళ్ల ఇంకా ఉబ్బింది. ఆమెకూ దడ పుట్టింది. పొద్దున్నే డాక్టరమ్మ దగ్గరికి పరుగెత్తింది. ఒక్కోసారి అలా అవుతుందనీ, మందు మానొద్దనీ చెప్పించుకుని, తిన్నగా డ్యూటీకెక్కింది. ఒక్క పూట కూడా మాత్ర తప్పలేదు. చలికాలం వెళ్లేసరికి బిళ్లలు కరిగి, చర్మం కింద కందిగింజంత గట్టిదనం మిగిలింది.

ఆ తర్వాత డిపో మెకానిక్కు చంకలో బిళ్ల కట్టిందని, ఎవరికీ చెప్పకుండా తిరుగుతున్నాడని విని నేరుగా షెడ్డుకు వెళ్లింది.

"సూది నొప్పెడుతుందా అక్కా?"

"పెడుతుంది. చేతులు కడుక్కుని రా, పోదాం."