వీపీఎన్ నిషేధం, ఆదివారం సాక్ష్యాలు

పదవీ విరమణకు ముందు ఏడాది నేను పాడేరు నెట్‌వర్క్ కేంద్రంలో సబ్ డివిజనల్ ఇంజినీర్‌ను. ఆ ఆగస్టులో, వదంతులు పాకుతున్నాయని మెసేజింగ్ యాప్‌లను కొన్నాళ్లు ఆపమని ఉత్తర్వు వచ్చింది. వెంటనే ఇంకొకటి: జనం వీపీఎన్‌లతో వాటిని తెరుస్తున్నారు, వీపీఎన్‌లనూ మూయండి.

వీపీఎన్ అంటే ఫోన్‌లోని సమాచారాన్ని తాళం వేసిన పెట్టెలో పెట్టి, వేరే చోటి కంప్యూటర్ మీదుగా పంపే ఏర్పాటు. పెట్టె వెళ్లడం మాకు కనిపిస్తుంది, లోపల ఏముందో కనిపించదు.

కొండల మీది టవర్ల డేటా మా కేంద్రంలోని ఫైర్‌వాల్ అనే కాపలా గోడ దాటే బయటికి పోతుంది. తెలిసిన వీపీఎన్‌ల చిరునామాలన్నీ అందులో మూశాం. అవి చిరునామాలు మార్చుకున్నాయి. నాకు పట్టుదల పెరిగి, ఆ తరహా పెట్టెలన్నిటినీ ఒక్క దెబ్బతో ఆపేశాను. బ్యాంకు పడిపోయింది, ఆస్పత్రి పడిపోయింది, ఉత్తర్వు పంపిన మా పై ఆఫీసు లింకూ పడిపోయింది. అవన్నీ వీపీఎన్ మీదే నడుస్తాయి! గబగబా తెరిచేసి మళ్లీ చిరునామాల వేటలో పడ్డాం. శనివారానికి, మాకు తెలిసిన వీపీఎన్‌ల వాడకం చూపే గ్రాఫులో గీత నేలకంటింది. నేను మోకరించి ప్రభువును స్తుతించాను.

సోమవారం నేను ధ్రువపత్రం ఇవ్వాలి: నా పరిధిలో వీపీఎన్ వాడకం లేదని. లేకుంటే సంజాయిషీ మెమో తప్పదని పై అధికారి, డివిజనల్ ఇంజినీర్, ముందే చెప్పారు. మెమో తేలేదాకా పెన్షన్ ఫైలు కదలదు.

ఆదివారం కొండ మీది మా చర్చి సంఘానికి వెళ్లాను. సంఘ పెద్దను కాబట్టి ముందు వరుస. మా ఆరాధనలో పాటల తర్వాత సాక్ష్యాల సమయం ఉంటుంది. ఆ వారం దేవుడు చేసిన మేలును ఎవరైనా లేచి చెప్పవచ్చు. కాఫీ తోటల్లో పనిచేసే చిలకమ్మ లేచింది.

“దేవునికి స్తోత్రం. నా గుంట విశాపట్నంలో నర్సింగు సదువుతోంది. వారం బట్టి దాని మొకం అగపడనేదు. నిన్న తాళం బొమ్మ యాప్ ఏయించుకుంటే బేగి అగపడిపోయింది. ప్రభువే దారి సూపినాడు!”

సంఘమంతా “ఆమెన్!” అంది. ఇంకో ముసలాయన లేచాడు. “నాకూ అదే యాపు. మనవడి పుట్టినరోజు సూసినాను.” మళ్లీ ఆమెన్. ఇంకొకరు, ఇంకొకరు. బైబిల్లో యెరికో గోడ కూలడానికి జనం దాని చుట్టూ కనీసం ఏడు రోజులు తిరిగారు. నా గోడ ఒక్క ఆరాధనకే కూలింది. చివరికి పాస్టరు అయ్యగారు, యాప్ లేనివాళ్లు ప్రార్థన తర్వాత చిలకమ్మను కలవాలని ప్రకటన కూడా చేశారు.

బయట చిలకమ్మ నన్నే ఆపింది. “బాబూ, మీ పోనులో ఉందా?”

లేదన్నాను.

“ఏటి బాబూ, ఇంజినీరయ్యుండి!”

నవ్వాపుకోలేక చెట్టుకు ఆనుకున్నాను. ఇంటికి పోయేదారిలో నవ్వు తగ్గింది, అబద్ధ సాక్ష్యం వద్దన్న తొమ్మిదో ఆజ్ఞ మిగిలింది. లేనిది ఉందని, ఉన్నది లేదని నేను పలకకూడదు.

సోమవారం ఇలా రాశాను: వీపీఎన్‌లు తగ్గాయి, పోలేదు; పూర్తిగా ఆపాలంటే ఆస్పత్రిని, బ్యాంకును, మనల్ని మనం కూడా ఆపుకోవాలి. వాడుతున్నవారి పేర్లు పంపమని డివిజనల్ ఇంజినీర్ ఫోన్ చేశారు. ఆరాధనలో విన్నది ఫైల్లోకి ఎక్కించనన్నాను. మెమో వచ్చింది. వీపీఎన్‌లు నడుస్తున్నాయనడానికి సాంకేతిక ఆధారం ఏమిటని అందులో ప్రశ్న. “చెవులారా విన్నాను” అని జవాబిచ్చాను. ఆ ఫైలు తేలకముందే నిషేధం ఎత్తేశారు. పెన్షన్ మాత్రం ఆలస్యమైంది.

ఆ పని నేర్పింది ఇదే. ప్రభుత్వం వీపీఎన్‌ను వాడేవాళ్లకు కష్టం కలిగించగలదు, వాళ్ల సంఖ్య తగ్గించగలదు. తన పనులు కూడా అదే దారిలో నడుస్తున్నంతకాలం దాన్ని లేకుండా చేయజాలదు. లేదని సంతకం పెట్టమంటే ఇంజినీరు పెట్టకూడదు.