సీతాబాయి చెప్పిన రెండు

కోకాపేటలో ఒక ఆఫీసు టవరులో పదకొండో అంతస్తు సీతాబాయిది. పేరుకే కంపెనీది, తళతళలాడేది మాత్రం ఆమె చేతుల పుణ్యాన. నలభై రెండేళ్లకే ఆ వేళ్లు పొద్దున్నే బిగుసుకుపోయి, తుడిచే గుడ్డ పిండనివ్వలేదు. పని పోతే కూతురు హర్షిణి డిగ్రీ చదువు ఆగిపోతుంది. అదీ ఆమె భయం.

కీళ్లవాతమన్నాడు డాక్టర్ విశ్వేశ్వరరావు. ఒంటికి కాపలా కాయాల్సిన బలగమే కీళ్ల మీద పడుతుందట. కంచే చేను మేయడమన్నమాట. ఆయన కొత్త మందు మీద పరిశోధన చేస్తున్నాడు. రెండు వారాలకో సూది. సీతాబాయి చేరింది. మూడు నెలల్లో గుడ్డ పిండగలిగింది. నొప్పి పోలేదు, సగానికి తగ్గింది.

ఆసుపత్రికి వెళ్లినప్పుడల్లా వర్షిత అనే ఉద్యోగిని నొప్పి పదికి ఎంతని అడిగి రాసుకునేది. ఉన్నది ఐదు. సీతాబాయి రెండనేది. డాక్టరు ఒక్కో వేలూ నొక్కి చూస్తుంటే పళ్లు బిగబట్టి నవ్వేది. ఆమె చెయ్యి అంత మర్యాదగా పట్టుకున్న మనిషి ఇంకొకరు లేరు మరి. ఎట్లున్నవంటే మంచిగున్న అనడమే మన మర్యాద. పాడె మీద అడిగినా అదే అంటాం.

ఆ మర్యాదే కొంప ముంచింది. నొప్పి రెండుకు దిగినవాళ్లలో సగంమందికి మందు ఆపి, జబ్బు తిరగబెడుతుందేమో చూడటం పరిశోధనలో రెండో భాగం. ఎవరికి మందో, ఎవరికి ఉత్త ఉప్పునీళ్లో కంప్యూటరు తేలుస్తుంది, డాక్టరుకూ తెలియదు. ఇదంతా మొదటిరోజే చదివి వినిపించారు, ఆమె తలూపింది. ఆమె వంతుకు నీళ్లొచ్చాయి. ఇక సూదులు లింగంపల్లిలో ఇంటి దగ్గరి క్లినిక్‌లోనే, అక్కడ సూది పొడిచి పంపడమే తప్ప చేతులు చూడరు; వర్షిత నెలకోసారి ఫోన్ చేస్తుంది.

మొదటి నెలకే మణికట్లు వాచాయి. రెండో నెలకు అన్నం కలుపుకోలేకపోయింది. ఏమాత్రం పెరిగినా చెప్పమని, మందు మళ్లీ ఇస్తారని వర్షిత గుచ్చి గుచ్చి అడిగింది. అడగందే అమ్మయినా పెట్టదంటారు. పెడతామని వాళ్లే అడుగుతుంటే ఈమె నోరు విప్పలేదు. సారు మందుకు తనవల్ల చెడ్డపేరు రాకూడదట. రెండే అంది. తిట్టబుద్ధవుతుంది, తిట్టడానికి మనసు రాదు.

ఆరో నెల ఆసుపత్రికి వెళ్లేసరికి వేళ్లు పక్కకు ఒరిగిపోయాయి. డాక్టరు ఆ చేతుల్ని చూసి కుర్చీలో వెనక్కి వాలాడు.

"ఫోన్‌లో ఒక్క మాట చెప్పలేకపోయావా అమ్మా?"

"మీరు గంత మంచిగ చూస్తుంటే, బాగలేదని ఎట్ల చెప్పాలె సార్."

ఆ రోజే అసలు మందు మొదలుపెట్టాడు. వాపు తగ్గుతుందట. ఒరిగిన వేళ్లు మాత్రం నిలబడవట.

పనిలో ఇన్నాళ్లూ తోటివాళ్లు గుడ్డలు పిండిపెడితే నెట్టుకొచ్చింది. సూపర్‌వైజర్ రవీందర్ ఇంకో వారం రోజులు చూశాడు. చెడ్డవాడేం కాదు.

"ఇగ నీతోని కాదక్కా. నీ బిడ్డను పంపు, నీ జాగ వేరేటోళ్లకు ఇయ్యను."

సోమవారం హర్షిణి కాలేజీకి వెళ్లలేదు. యూనిఫాం చీర కట్టుకొని, కొంగుకు పిన్ను పెట్టమని తల్లి దగ్గరికి వచ్చింది. సీతాబాయికి పిన్ను తెరవడం కాలేదు. పిల్లే పెట్టుకొని డ్యూటీకి వెళ్లింది.