వేల్స్ బావి మీద రెండు పూతల పసుపు

వేల్స్‌లోని ఒక ఊరి చరిత్ర సంఘం నుంచి ఆ ఉత్తరం నా కంప్యూటర్‌కు వచ్చిన పొద్దున, పక్కింటి మాస్టారు మా అరుగు మీద కూర్చుని ఇడ్లీ తింటున్నారు. ఆయన ఉత్తరాలన్నీ నా దగ్గరికే వస్తాయి. చదివి వినిపించడం, జవాబు టైపు చేయడం నా పని.

మీరు పంపిన మూడు నోటుపుస్తకాలు క్షేమంగా చేరాయి. పేజీలన్నిటి మీదా పసుపురంగు పదార్థమేదో పూసి ఉంది. పాత కాగితంలోని ఆమ్లాన్ని విరిచే మందును మా నిపుణురాలు ఒక మూలన ఒక్క చుక్క వేసి చూశారు. ఆ చుక్క పడిన చోట కాగితం నెత్తురులా ఎర్రబడింది. వెంటనే పుస్తకాలను సంచుల్లో మూసి శీతల గదిలో విడిగా పెట్టాం. ఆ పదార్థమేమిటో, మనుషులకు హాని చేసేదో కాదో దయచేసి తెలపండి. ఇదీ ఉత్తరం.

మాస్టారి చేతిలో ఇడ్లీ ముక్క ఆగిపోయింది. పిట్టగోడ అవతల బట్టలు ఆరేస్తున్న ఆయన భార్య మాత్రం ఆగలేదు.

"ఎర్రగయిపోయిందా? సున్నప్నీళ్లు పోసుంటారు. పసుపులో సున్నం పడితే ఎర్రగవదేటి? అంత దూరం ఎల్లిన పుస్తకాలు గదా, దిష్టి తీసీసుంటారు."

నేను పేపర్లలో చాలా ఏళ్లు పనిచేశాను. ఒక విదేశీ చిక్కుముడి ఇంత తొందరగా, అదీ తడి చీర పిండుతూ విప్పినవాళ్లను చూడలేదు. నేను నవ్వాను. మాస్టారు నవ్వలేదు. ఆయన ఎందుకు నవ్వలేదో తెలియాలంటే ఆ నోటుపుస్తకాల సంగతి చెప్పాలి.

మాస్టారు చరిత్ర పంతులు. ఉద్యోగంలో ఉండగా మా గంజాం జిల్లా చికిటి దగ్గర ఒక బళ్లో పాత బీరువా ఖాళీ చేస్తుంటే సుద్దముక్కల పెట్టెల కింద అవి దొరికాయట. దొరల కాలంలో తీరం కొలవడానికి వచ్చిన ఒక వేల్స్ మనిషి రాసుకున్నవి. జ్వరం తగిలి మంచాన పడి, తోచక రాసినట్టున్నాడు. కానీ గంజాం గురించి ఆ మూడు పుస్తకాల్లో ఉన్నది ఒక్కటే మాట: ఉక్క. మిగతాదంతా తన ఊరే. ఏ వాలు మీద ఎవరి ఇల్లు, ఏ పొలాన్ని ఏమని పిలుస్తారు, ఎవరి పంది ఎవరి తోటలో పడింది, ఆ తర్వాత ప్రార్థన మందిరంలో ఎవరు ఎవరి పక్కన కూర్చోవడం మానేశారు.

ఆ ఊళ్లో అందరికీ రెండు మూడు ఇంటిపేర్లేనట. అందుకని రొట్టెలాయన, పై ఇంటాయన, వంతెనావిడ అని చెప్పుకునేవారు. ఇంకెవరైనా అయితే తికమకపడేవారు. మాస్టారు పడలేదు. గిరిసోలలో దిగి ఒక పేరు పెట్టి అడిగితే నలుగురు బయటికొచ్చి "ఏ ఇంటోడు కావాల?" అంటారు. ఆయన అమ్మమ్మగారి ఊరు అదే.

ఇరవై ఏళ్లు ఆయన ఆ వేల్స్ ఊళ్లోనే ఉన్నారు. మా బరంపురం దాటకుండానే. పాత క్యాలెండర్ వెనకవైపు ఆ ఊరి పటం గీసి గోడకు తగిలించారు. "ఆ ఊళ్లో ఏ గొర్రె ఎవరిదో సెప్తారు. మా వీధిలో పాలోడు మారి మూడేళ్లయింది, ఇప్పటికీ పాతోడి పేరెట్టి పిలుస్తారు" అనేది ఆయన భార్య.

ఎండాకాలం రాగానే ఆ ఊరివాళ్లు పశువులను తోలుకుని కొండమీది ఇళ్లకు వెళ్లి, చలి మొదలయ్యే వేళకు కిందికి దిగేవారట. దీనికి మాస్టారు, ఆ నోటుపుస్తకాల మీద రాసి సంఘానికి పంపిన వ్యాసంలో ఒక వివరణ ఇచ్చారు. మా బరంపురం ఠాకురాణి అమ్మవారు కూడా యాత్ర వచ్చినప్పుడు గుడి వదిలి పుట్టింటికి వచ్చి, కొన్నాళ్లుండి తిరిగి వెళ్తుంది. కాబట్టి ఇందులో వింతేమీ లేదు అని. సంఘం కార్యదర్శి, ఆ వివరణ తమ సభ్యులందరికీ ఎంతో నచ్చిందనీ, ఎవరికీ అర్థం కాలేదనీ రాసింది.

ఆ వ్యాసానికి గుండెకాయ ఒక బావి. పై ఇంటికీ కింది ఇంటికీ నడుమ ఉంది. అది మాదంటే మాదని రెండిళ్లవాళ్లూ తరాలుగా తగవు పడుతున్నారు. రెండిళ్ల వారసులూ ఇవాళ ఆ చరిత్ర సంఘంలోనే సభ్యులు. బావి ఎవరిదో మన వేల్స్ మనిషి రెండో నోటుపుస్తకంలో ఒకే వాక్యంలో తేల్చేశాడు. కింది ఇంటిది అని. మాస్టారు ఆ వాక్యం మీద నలభై పేజీలు రాశారు. ఏడాదికొకసారి వేసే సంపుటంలో అచ్చు వేస్తామని సంఘం ఒప్పుకుంది, ఒక షరతు మీద: ఆ వాక్యం మేం కళ్లారా చూడాలి. ఫోన్‌తో ఫొటోలు తీసి పంపాను. సిరా వెలిసిపోయింది, ఏమీ కనబడటం లేదు, అసలు పుస్తకాలే పంపండి అన్నారు. పాత కాగితం పసుపు పచ్చగానే ఉంటుందని వాళ్లూ అనుకున్నారు, నేనూ అనుకున్నాను.

మాస్టారికి డెబ్బై ఎనిమిది. ఊళ్లో సగం మందికి చదువు చెప్పిన మనిషి తన పేరు అచ్చులో చూసుకున్నది ఓటర్ల జాబితాలో మాత్రమే. పార్సిల్ కట్టిన రోజు ఆవిడ శుభమా అని అట్టల మూలలకు పసుపు రాసి, గుడ్డలో చుట్టి ఇచ్చింది. పోస్టాఫీసులో గుమాస్తా, "లోపలేటున్నాయి, సార్?" అన్నాడు.

"ఒక ఊరు," అన్నారు మాస్టారు. గుమాస్తా 'పుస్తకాలు' అని రాసుకున్నాడు.

ఇక ఆ ఉత్తరానికి జవాబు. పసుపు అని రాస్తే సరిపోతుందన్నాను. మాస్టారు గొంతు తగ్గించి, "ఆడవాళ్ల ఆచారం, నా భార్య నాకు తెలియకుండా పూసింది అని రాయవోయ్" అన్నారు.

"లోపలి పేజీలకు కూడానా, మాస్టారూ?"

"రాయవోయ్, రాయి."

చెప్పింది చెప్పినట్టు రాయడం నాకు అలవాటైన పని. రాసి పంపేశాను.

వారం తిరక్కుండా జవాబొచ్చింది. మర్యాదస్తులు. పసుపు అని తెలిసి ఊరట కలిగిందట. అయితే మీ శ్రీమతిగారు ప్రతి పేజీకీ రెండు వైపులా ఎంతో ఓపికగా పూసినట్టున్నారు. నీళ్లలో కలిపారా, నూనెలోనా, ఏ సంవత్సరంలో, ఎన్ని పూతలు అన్నది ఆమెను అడిగి తెలపగలరా?

అడగాల్సింది నేనే. వెళ్లేసరికి ఆవిడ రవ్వ జల్లిస్తోంది. మాస్టారు పేపరు అడ్డం పెట్టుకున్నారు. విషయం చెప్పాను. జల్లెడ ఆగింది.

"నేను రాసింది అట్టలకి. నాలుగు మూలలు. లోపలేటుందో నాకేటి తెలుసు బాబూ? ఆ పుస్తకాలు ముట్టుకుంటే ఇంట్లోంచి ఎల్లగొట్టీలా ఉండేవారు గదా!" అని పేపరు వైపు తిరిగింది. "ఏటండీ, ఆ ఏడు వానల్లో నా పసుపు డబ్బా ఖాళీ అయిపోయింది, గుర్తుందా? మీరేనేటి? అయ్యో, నేను ఈ బాబు వాళ్లావిణ్ణి అనుమానించాను!" నా వైపు తిరిగి, "ఏటీ అనుకోకు బాబూ," అంది.

పేపరు మెల్లగా కిందికి దిగింది.

"ఏటంటే, పొలసరలో ఒక ముసలాయన దగ్గర తాటాకు పోథీలు, అదే పాత రాతపుస్తకాలు, ఉండేవోయ్," అన్నారు మాస్టారు నాతో, ఆవిడ వైపు చూడకుండా. "ఏటేటా పసుపు నీళ్లు పూసేవాడు. ఒక్క పురుగు ముట్టేది కాదు. మనింట్లో చూస్తే చెదలు. తాటాకుకి పనికొచ్చింది కాగితానికి ఎందుకు పనికిరాదు అనుకున్నాను."

"బావి పేజీకి కూడా పూశారా?"

"అది ముఖ్యమైన పేజీ కదా," అన్నారు. "దానికి రెండు పూతలు."

ఆవిడకు బావి పట్టలేదు. "మీరు సేసిన పని నా మీద ఎట్టీసి ఆ దేశానికి ఉత్తరం రాయించారా? అక్కడ నా పరువేటవ్వాల?"

"వాళ్లకు నువ్వెవరో తెలీదు కదే."

"తెలీదు గనకే. తెలిసినోళ్లయితే నమ్మీవోళ్లా?" అని నన్ను పట్టుకుంది. "బాబూ, పేపర్లో తప్పు పడితే మర్నాడు సవరణ ఏస్తారు గదా? అయితే ఎయ్యి."

మాస్టారి భయం నాకు తెలుసు. ఆధారానికి స్వయంగా రంగు పూసిన మనిషి వ్యాసాన్ని ఎవరు అచ్చు వేస్తారు? ఇరవై ఏళ్ల పని. ఆయన గోడ మీది పటం వైపు చూశారు. తర్వాత కళ్లజోడు సర్దుకుని, తరగతిలో నోట్సు చెప్పే గొంతుతో మొదలుపెట్టారు.

"రాయి. లోపలి పేజీలకు పూసింది నేనే. నా భార్యకు అట్టల నాలుగు మూలలతో తప్ప సంబంధం లేదు. పూత తర్వాత ఒక్క చెదపురుగు కూడా ముట్టలేదు. ఇది కూడా రాయి."

"మొదటి ముక్క మళ్లీ సదువు బాబూ," అంది ఆవిడ. రెండుసార్లు చదివించుకుని మళ్లీ జల్లెడ అందుకుంది.

నిజం చెప్పినందుకు సంఘం కృతజ్ఞతలు తెలిపింది. నిపుణురాలు పసుపు, నీళ్ల పాళ్లు ఎంతెంతో అడిగింది. పై ఇంటి వారసుడు మాత్రం, సరిగ్గా ఆ వాక్యం మీదే రెండు పూతలు ఎందుకు పడ్డాయో విచారించాలని సమావేశంలో లేచి అడిగాడట. కింది ఇంటావిడ, ఆ పెద్దమనిషిని అనుమానిస్తే ఊరుకోనని బయటికి నడిచిందట.

ఇదంతా కిందటి ఏడు. ఈ ఏడు సంపుటం మాస్టారి వ్యాసం లేకుండానే వచ్చింది. ఆయన రోజూ మా అరుగు మీదికి వచ్చి, "ఏమైనా వచ్చిందేటోయ్?" అంటారు. కాగితం చెడకుండా పసుపు తీసే దారి దొరికేదాకా పుస్తకాలు తెరవరట. అవి ఇంకా శీతల గదిలో, సంచుల్లోనే ఉన్నాయి. బావి పై ఇంటిదో కింది ఇంటిదో ఈ రోజుకీ తేలలేదు.